కోళ్లగూట్లో చేటెడు బూడిద

నా చిన్నప్పుడు నేను నాలుగో తరగతి రెండుసార్లు తప్పాను. ఒకసారి ఉర్దూలో, ఒకసారి తెలుగులో. నైజాం ప్రభుత్వం పోయి బడిలో భాష మారింది కానీ నా మార్కులు మారలేదు. ఒకే తరగతిని రెండు భాషల్లో తప్పినవాడు హుజూరాబాదు మొత్తంలో వీడొక్కడేనని మా పంతులు నన్ను అందరి ముందు నిలబెట్టి చెబితే, మెచ్చుకుంటున్నాడనుకుని దండం పెట్టాను. ఆ ఏడే బడి మానేశాను. ఇప్పుడు చెప్పబోయేది బడిలో నేర్చుకున్నది కాదు కాబట్టి కాస్త నమ్మవచ్చు. ఇది కోళ్లకు పట్టే పేల సంగతి.

బడి మానేసిన మరుసటి ఏడు, ఎండలు ముదరక ముందే, మా అవ్వ, నన్ను కన్నతల్లి, పోయింది. మూడు రోజుల జ్వరం. మొదటి రోజు ఒళ్లు కాలుతుండగానే ఎర్రకోడి కింద పదకొండు గుడ్లు పెట్టి పొదుగు వేసింది. మూడో రోజు లేదు. ఇంట్లో నేనూ, మార్కెట్లో బస్తాలు మోసే మా బాపూ మిగిలాము.

నాకు ఏడుపు రాలేదు. రాకుండా ఆపుకున్నానని అనుకునేరు, అంత గొప్ప పని నేను చేయలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు ఎవరైనా తొక్కితే తొక్కినట్టు తెలుస్తుంది కానీ నొప్పి తెలియదు చూడండి, అట్లా ఉండేది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు ఎట్లా ముక్కు చీదారో, ఎవరు ఎంత రాగం తీశారో, వాళ్లు వెళ్లిపోగానే పక్క వాడ పిల్లలకు చేసి చూపించేవాణ్ణి. వాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు కూడా తిమ్మిరెక్కిన కాలితో నడిచినట్టే ఉండేది.

మూడు రోజుల దాకా పొయ్యి ముట్టించకూడదన్నారు. మూడు రోజుల తర్వాత ముట్టించే మనిషి లేదు. వెనక వాడలో ఉన్న మా మేనత్త రెండు పూటలా సద్దిగిన్నె పంపేది. బాపు వచ్చి, తిని, గోడకు ఒరిగి కూర్చునేవాడు. నేను దొడ్లో కోళ్లగూడు ముందు కూర్చునేవాణ్ణి. ఇరవై ఒక్క రోజులకు పిల్లలవుతాయని అవ్వ చెప్పింది గనుక, పొదుగు వేసిన రోజు నుంచి లెక్కేసి గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీసేవాణ్ణి. నా జీవితంలో తప్పు పోని లెక్క అదొక్కటే. అవ్వ చేత్తో మొదలుపెట్టి సగంలో వదిలిన పని ఆ ఇంట్లో ఇంకా నడుస్తున్నది అదొక్కటేనని నాకు తెలుసు. అది మాటల్లో అనుకోలేదు, కానీ గూడు ముందు నుంచి కదలలేకపోయేవాణ్ణి.

ఎనిమిదో గీత గీసిన రోజు నుంచి కోడి సరిగ్గా కూర్చోవడం మానేసింది. కాసేపు కూర్చునేది, అంతలోనే లేచి గూటి తలుపు దగ్గర ఈకలు ఉబ్బించుకుని నిలబడేది. ఎర్రగా ఉండవలసిన జుట్టు పాలిపోయింది. నూకలు చల్లినా ముట్టలేదు. పట్టుకుని ఎండలోకి తెచ్చి ఈక ఈకా విప్పి చూశాను, ఏమీ కనబడలేదు. దానికి కూడా అవ్వ మీద బెంగ పట్టుకుందనుకున్నాను. బెంగ సంగతి తర్వాత, గుడ్లు చల్లబడతాయి కదా. దాన్ని లోపలికి నెట్టి, పైన గంప బోర్లించి, గంప మీద రోకటిబండ లాంటి రాయి పెట్టాను. ఇక లేవలేదు. లేవడానికి చోటు లేదు మరి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పన్నెండో గీత గీసిన రోజు పొద్దు వాలుతుండగా మా మేనత్త వచ్చింది. తెల్లవారితే అవ్వ దినం, బంధువులంతా భోజనాలకు వస్తారు. గంప ఎత్తి కోడిని చూసింది. మెడ వాల్చేసి ఉంది.

“చచ్చిన మనిషి చేతి పొదుగు నిలువదిరా. గుడ్లు అవతల పారేసి గీ కోడిని రేపు కోద్దాం. గదైనా అక్కెరకొస్తది” అంది. చెడ్డ మనిషి కాదు. పది రోజులుగా మా ఇద్దరికీ వండి పెడుతున్న మనిషి. బాపు గోడకు ఒరిగే ఉన్నాడు. నేను గూటి తలుపుకు అడ్డం కూర్చున్నాను.

అప్పుడు గోడకు అవతలి నుంచి పక్కింటి సాయిబుల ఇంటావిడ వచ్చింది, నేను చాచీ అనేవాణ్ణి. వాళ్లాయన జట్కా తోలేవాడు. ఆమెకు ఇరవై కోళ్లు, నోట్లో ఎప్పుడూ ఒక పాన్. మైల ఇల్లని మేనత్త తప్ప మా వాళ్లెవరూ ఆ రోజుల్లో మా వస్తువులు ముట్టుకునేవారు కాదు. ఆ సంగతి ఆమెకు తెలియదనుకోను. తెలిసే నేరుగా దొడ్లోకి వచ్చి, కోడి కంటిరెప్ప కింద చూసి, రెక్క ఎత్తి వాసన చూసి, నా వైపు తిరిగింది.

“రాయి ఎవలు పెట్టిండ్రు?”

“నేనే చాచీ. కూసుంటలేదని.”

“మంచిగ చేసినవ్. ఇప్పుడు నీ చెయ్యి కోడి కింద పెట్టు. నేను గీ పాన్ నమిలి ఊంచేదాక తియ్యద్దు.”

ఇదేం పందెమో అనుకుంటూ పెట్టాను. మొదట వెచ్చగా ఉంది. తర్వాత ఎవరో ఆవాలు చల్లినట్టనిపించింది. ఆ ఆవాలు నడవడం మొదలుపెట్టాయి. మణికట్టు దాటి, మోచేయి దాటి, చంక దాకా వచ్చేసరికి చర్మమంతా మంటలెత్తింది. చాచీ తీరికగా నములుతోంది. నేను చెయ్యి లాగేసుకుని విదిలించుకుంటూ దొడ్డంతా తిరిగాను.

“జరసేపు కూసోలేకపోతివి. గది నాలుగు దినాలాయె, నీ రాయి కింద కూసొని” అంది. అరవలేదు. చెప్పింది, అంతే.

తర్వాత తల్లోని పిన్ను తీసి గూటి చెక్కల సందులో గీరింది. ఆ గూడు మా బాపు మార్కెట్లో పారేసిన పెట్టె చెక్కలతో చేసింది, సందులకు కొదవ లేదు. పిన్ను కొనకు బూడిదరంగు పొడి లాంటిది వచ్చింది. దాన్ని బొటనవేలి గోరు మీద నలిపితే ఎర్రగా అయింది. “గీ నెత్తురు కోడిది. పగటిపూట కోడి మీద ఎతికితె నీకేం దొరుకుతయ్? అవ్వి పగలంత సందులల్ల పంటయ్, చీకటి పడంగనే ఎక్కుతయ్. నువ్వు గంప బోర్లిస్తివి, వాటికి పగలు గూడ చీకటే చేస్తివి.”

మా మేనత్త వైపు తిరిగి, “దీన్ని కోస్తె చుక్క నెత్తురు ఎల్లదక్కా, అంత అవ్వే తాగినయ్. కూర ఎక్కడిది? నా పుంజును కొంచపో” అంది. మేనత్త కొంగు దులుపుకుని, ఆ పుంజును పట్టుకోవడానికి గోడ అవతలికి వెళ్లింది.

చాచీ నన్ను మరో మాట అడిగింది. “మీ అవ్వ ఎన్నొద్దులకోసారి బూడిద పోసేది?”

నాకు తెలియదు. కానీ అడిగిన తర్వాత కళ్ల ముందుకు వచ్చింది. పొద్దున్నే పొయ్యిలో బూడిద తీసి, అంచు విరిగిన చేటలో పోసుకుని, అవ్వ కోళ్లగూటి దగ్గరకు వెళ్లేది. బూడిద పారబోయడానికి అది దగ్గరి చోటనుకునేవాణ్ణి. రోజూ చూసిన పనే. పొయ్యి చల్లారితే బూడిద ఉండదు, బూడిద లేకపోతే పేలు లేస్తాయి. ఇంత చిన్న లెక్క నాకు ఏ భాషలోనూ అందలేదు.

చేట కోసం వెతికాను. గూటి వెనక, చూరు కింద, పెట్టిన చోటే ఉంది. అందులో ఇంకా కొంచెం పాత బూడిద ఉంది. దాని మీద నాలుగు వేళ్లతో తీసిన గుర్తులున్నాయి. చాచీ తన పొయ్యి బూడిద తెచ్చి, అందులో పోస్తాను పట్టమంది. నేను చేట పట్టుకుని నిలబడ్డాను. ఆమె తొందర పెట్టలేదు. చివరికి నేను కళ్లు మూసుకుని పట్టాను, ఆమె పోసింది.

ఇక పని మొదలుపెట్టాము. ఒక పాత గంపలో కొత్త గడ్డి, దాని మీద బూడిద, వాగు ఒడ్డు నుంచి ఆమె గుర్రం మేతతో పాటు తెప్పించుకున్న వావిలాకు. గుడ్లను ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి అందులో పెట్టాము. కోడిని ఒళ్లో పడుకోబెట్టుకుని రెక్కల కింద, మెడ దగ్గర, తోక మొదట్లో బూడిద రుద్దింది, పసిపిల్లకు పౌడరు అద్దినట్టు. పాత గడ్డిని గుంత తీసి పాతిపెట్టించింది. గూడును మూలకు లాగి తన ఇంటి నుంచి సలసల కాగే నీళ్లు తెచ్చి సందుసందులో పోసింది. తెల్లారి చెక్కలు ఆరిన తర్వాత కోడి ఈకను గాసునూనెలో, అంటే కిరసనాయిల్లో, ముంచి అవే సందుల్లో పూయమంది. ఆ సాయంత్రం వావిలాకు పొగకు నా కళ్లు మండి నీళ్లు ధారగా కారాయి. ముక్కు కూడా కారింది. చాలాసేపు ఆగలేదు. చాచీ తన పని తను చేసుకుంటూ, నా వైపు చూడకుండానే ఓణీ కొంగు అందించింది.

ఆ గంపలో కోడి ఒకసారి గుండ్రంగా తిరిగి, గుడ్లను ముక్కుతో సర్దుకుని, తనంతట తానే కూర్చుంది. రాయి అవసరం పడలేదు.

“అయిపోలే” అంది చాచీ. “అవ్వి గూడ గుడ్లు పెడ్తయ్. నీ కోడి ఇరవై ఒక్క దినాలు కూసుంటది, అవ్వి ఏడు దినాలకే లేస్తయ్. ఎనిమిదో దినం మళ్ల గిదంత చెయ్యాలె. అప్పుడు బూడిద నా తాన అడగద్దు. మీ పొయ్యిలదే తేవాలె.”

“మా పొయ్యిల లేదు చాచీ.”

“గందుకే అంటున్న.”

ఎనిమిదో రోజు నేను పొయ్యి ముట్టించాను. ఉత్తగా కట్టెలు కాల్చడానికి మనసొప్పక బియ్యం కడిగి పెట్టాను. నీళ్లు ఎన్ని పోయాలో తెలియదు. మార్కెట్ నుంచి వచ్చిన బాపు మా ఇంటి కప్పులోంచి పొగ రావడం చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. తర్వాత కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి కూర్చున్నాడు. మాడిన అన్నం, కారం. మొత్తం తిన్నాడు. “రేపు జర నీళ్లెక్కువ పొయ్యి” అన్నాడు. అవ్వ పోయిన తర్వాత మా ఇంట్లో రేపు అన్న మాట వినడం అదే మొదటిసారి.

ఆ బూడిదతోనే రెండోసారి గూడు శుభ్రం చేశాను. ఇరవై ఒకటో గీత గీసిన రోజు గంపలోంచి కూతలు వినిపించాయి. పదకొండు గుడ్లలో ఏడు పిల్లలయ్యాయి. నాలుగు మురిగిపోయాయి. నేను రాయి పెట్టింది కూడా నాలుగు రోజులే. ఆ లెక్క ఎవరూ నాకు అప్పజెప్పలేదు, నేనే పెట్టుకున్నాను.

తర్వాత చాలా పనులు చేశాను. జట్కా తోలాను, చాయ్ అమ్మాను, కొడుకుల చేత తిట్లు తిన్నాను. ఎవరైనా చోటు వదిలి లేచిపోతున్నారంటే, వాళ్లను పట్టి కూర్చోబెట్టే ముందు నా చెయ్యి ఒకసారి ఆ చోట పెట్టి చూస్తాను. ఇంట్లో ఏదైనా చెడితే, కొత్తగా ఏమొచ్చిందని వెతకను, రోజూ జరిగే ఏ పని ఆగిందా అని చూస్తాను. ఇప్పటికీ మా దొడ్లో నాలుగు కోళ్లున్నాయి. బూడిద నేనే పోస్తాను. గ్యాసు పొయ్యి వచ్చాక ఆ బూడిద కోసం పక్కనే ఒక కట్టెల పొయ్యి పెట్టుకుంటే, ముసలాయనకు మతి పోయిందని కోడళ్లు నవ్వుకుంటారు. నవ్వనీ.

ఒక్క సంగతి మిగిలింది. పెళ్లయిన కొత్తలో ఒకరోజు చాచీ దగ్గరకు వెళ్లాను. అప్పటికి ఆమెకు పళ్లు పోయాయి, పాన్ చిన్న రోట్లో దంచుకుని నోట్లో వేసుకునేది. ఆటపట్టిద్దామని, “ఆనాడు నీ వావిలాకు పొగకు నా కండ్లు ఖరాబైనయ్ చాచీ. గందుకే నాకు చదువు రాలే” అన్నాను.

ఆమె దంచడం ఆపింది.

“నీ చదువు అంతకు ముందుగాలనే పోయింది” అంది. “పొదుగు మీదున్న కోడికి పొగ ఎవలన్న పెడ్తరారా? నేను పచ్చాకు పరిచిన. ఆ దినం మీ దొడ్లె పొగే లేదు.”