కౌసల్యమ్మ తెచ్చిన బస్సు

ఎల్బీనగర్ దాటాక సాగర్ రోడ్డును ఆనుకొని ఉన్న మా కాలనీలో కౌసల్యమ్మ ఇరవై రెండేళ్ళుగా ఇస్త్రీ చేస్తోంది. ఆమె అక్క యాదలక్ష్మి ఉండేది తుర్కయంజాల్‌లో. చూపు పోయిన మనిషి. ప్రతి శుక్రవారం ఉదయం కౌసల్యమ్మ కాలనీ బస్సెక్కి వెళ్ళి, అక్కకు తలంటుపోసి, జడ వేసి వచ్చేది. ప్రయాణికులు తగ్గారని నిరుడు ఆ బస్సును ఎత్తివేశారు. ఆటోలు మారుతూ, ఆ రద్దీలో రోడ్డు దాటుతూ పోవడానికి ఆమె మోకాళ్ళు సహకరించవు. నెలకొకసారి వెళ్ళడమూ కష్టమైంది.

కాలనీ సమావేశానికి వచ్చిన డిపో అధికారి స్పష్టంగా చెప్పాడు: "ఇవ్వగలిగింది ఒక్క బస్సే. ఎవరెవరు ఎటు పోతారో మీరే రాసి ఇవ్వండి. ఎక్కువమంది ఎటైతే అటు వేస్తాం."

అన్ని గుమ్మాలూ ఎరిగిన కౌసల్యమ్మ ఆ పనికి పూనుకుంది. చదివింది అయిదో తరగతి వరకే అయినా ఆమె దస్తూరి గుండ్రంగా ఉంటుంది. బట్టల మూటతో పాటు నోటుపుస్తకం పట్టుకొని పదిరోజులు ఇల్లిల్లూ తిరిగింది.

"మీరేడికి పోతరు సార్?"

బ్యాంకు ఉద్యోగి త్రినాథరావు నవ్వాడు. "దిల్‌సుఖ్‌నగరేనండీ. అయినా మా నలుగురినీ తుర్కయంజాల్ అనే రాసేసుకోండి. మీ అక్కగారిని చూసొద్దురుగాని."

పెన్ను కాగితం మీద ఆగింది. తుర్కయంజాల్ వరుసలో అప్పటికి పదకొండు పేర్లే ఉన్నాయి.

"రేపు బస్సు అటు పోతే మీరెక్కుతరా సార్?"

"ఎందుకెక్కుతామండీ!"

"మరి ఖాళీ బస్సును ఎన్నొద్దులు నడుపుతరు? మీ బిడ్డ తన్మయి కోచింగ్‌కు దేంట్ల పోవాలె?"

"భలేవారే! ఇదంతా ఎవరు చూడొచ్చారు?"

"నేను సూస్తున్న గద సార్."

నలుగురినీ దిల్‌సుఖ్‌నగర్ కిందనే రాసింది. తన పేరును మాత్రం తుర్కయంజాల్ వరుసలో, పన్నెండోదిగా చేర్చుకుంది.

నెల తరువాత, ఒక సోమవారం ఉదయం ఏడున్నరకు బస్సు వచ్చింది. ముందు అద్దం మీద దిల్‌సుఖ్‌నగర్ పలక. జనం తోసుకుంటూ ఎక్కారు. కిటికీలోంచి తన్మయి కౌసల్యమ్మకు చేయి ఊపింది. అంతలో అక్క ఫోను.

"ఒచ్చిందానే బస్సు?"

"ఒచ్చిందక్కా. గని దిల్‌సుఖ్‌నగర్ దిక్కు పోతది."



"మంది నిండిండ్రా?"

"నిలవడ్డోళ్ళు గూడ ఉన్నరు."

"జర సప్పుడు ఇనిపియ్యే."

కౌసల్యమ్మ ఫోనును బస్సు వైపు చాచింది. బస్సు మలుపు తిరిగి కనుమరుగైన తరువాత కూడా ఆ చేతిని దించలేదు.