మిగిలిపోయిన రబ్బరు బుష్షు

మొన్న ఆదివారం మా హాల్లో ఉన్నవాళ్ళం ముగ్గురం: నేను, నా భార్య, మా కోడలు. ఉన్న వస్తువులు: విప్పిన అట్టపెట్టె, మూడు ముక్కల నల్లటి గొట్టం, గుండ్రటి దిమ్మ, గుడ్డ షేడు, ఒక స్క్రూడ్రైవరు. సోఫా పక్కన నిలబెట్టే దీపం తెప్పించింది కోడలు. పావుగంటలో బిగించేసి వెలిగించింది కూడా. చివరికి నేల మీద చిన్న వాషరు ఒకటి మిగిలింది. "ఒకటి ఎగస్ట్రా ఇచ్చినట్టున్నారు మామయ్యా" అని నవ్వి దాన్ని సొరుగులో పడేసింది. నేను లేచి వెళ్ళి ప్లగ్గు పీకేశాను. ఎందుకని వాళ్ళిద్దరూ అడిగితే చెప్పలేకపోయాను. మన వయసువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

ఎనభైల్లో ఐటీఐ ముగించి నరసరావుపేటలో ఒక మోటారు వైండింగు షాపులో పనికి చేరాను. షాపాయన్ను చాచా అని పిలిచేవాణ్ణి. కాగితం మీద లిస్టు రాసుకోనిదే నేను ఏ పనీ మొదలుపెట్టేవాణ్ణి కాదు. "బల్బు మార్చటానిక్కూడా పెళ్ళి సరుకుల చిట్టా ఏందిరా" అని ఆయన ఎగతాళి చేసేవాడు.

ఆ వేసవిలో ఎనిమిది కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి ఒక పెద్దావిడ కబురు పంపింది. మాకు దూరపు చుట్టం, నాకు అత్తమ్మ వరస. కంటి ఆపరేషన్ అయ్యాక గోడ మీది బల్బు వెలుతురు పుస్తకం చదవటానికి చాలక, వాళ్ళన్న ఎప్పుడో పాత బంగళా వేలంలో కొని అటకెక్కించిన ఇత్తడి స్టాండు దీపాన్ని కిందికి దింపించింది. నా భుజమంత ఎత్తు. లోపలి పాత వైరు ముట్టుకుంటే పొడి రాలుతోంది. దాన్ని తీసేసి మూడు తీగల కొత్త వైరు లాగాను. తీరా చూస్తే గోడకున్న ప్లగ్ పాయింటుకు రెండే కంతలు. మూడోది పచ్చ తీగ, నేలలోకి కలపాల్సిన ఎర్తుది. దాన్ని ఏం చెయ్యాలో ఐటీఐలో నేర్పారు, ఊళ్ళలో అందరూ ఏం చేస్తారో పనిలో చేరాక చూశాను. అందరిలాగే కోసేశాను. పగలంతా కరెంటు కోత, మళ్ళీ ఆరింటికి గాని రాదు, అందుకని టెస్టరు పెట్టి చూడటానికి వీల్లేకపోయింది. ప్లగ్గు పెట్టి, స్విచ్చు వేసి వచ్చేశాను. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా మనకు అలవాటే కదా, కరెంటు రాగానే దీపానికి తన చేత్తో పసుపు రాసి బొట్టు పెట్టుకుంటానంది అత్తమ్మ.

షాపులో లిస్టు చూసుకుంటూ సామాను సర్దుతుంటే జేబులో రబ్బరు బుష్షు తగిలింది. దిమ్మలో వైరు బయటికొచ్చే కంతకు తొడగాల్సిన చిన్న రబ్బరు చుట్టు అది. అది లేకపోతే ఇత్తడి అంచు వైరు తొడుగును కోస్తుంది, కోస్తే కరెంటు దీపం ఒళ్ళంతా పాకుతుంది. ఎర్తు ఉంటే ఫ్యూజు ఎగిరిపోయేది. ఎర్తు నేనే కోసి వచ్చాను. ఆమె చేతికి తడి పసుపు, కాళ్ళకింద సాయంత్రం కడిగిన నాపరాళ్ళు. ఇవన్నీ నా బుర్రలో లిస్టులాగే ఒకదాని కింద ఒకటి పడ్డాయి. గోడ గడియారం ఐదున్నర చూపిస్తోంది.

"ఏందిరా, దెయ్యాన్ని చూసినట్టు ఆ మొహం?" అన్నాడు చాచా. బుష్షు చూపించి, పచ్చ తీగ సంగతి చెప్పాను. ఆయన ఈసారి ఎగతాళి చెయ్యలేదు. తన సైకిలు తాళంచెవి నా మీదికి విసిరి, "ఉరుకు" అన్నాడు.

ఎదురుగాలి. దారంతా మిరప బస్తాల బండ్లు. తొక్కుతూనే, ఆమెకేమైనా అయితే ఎవరికి ముందు చెప్పాలో వరస కూడా వేసుకున్నాను: మా అమ్మకు, తర్వాత ఆమె కొడుకులకు, ఆ తర్వాత పోలీసులకు. ఇంకా ఊరి మొదట్లో ఉండగానే పిండిమర మోత మొదలైంది. కరెంటు వచ్చేసింది.

సైకిలు వాకిట్లో పడేసి లోపలికి ఉరికాను. తడి నాపరాళ్ళు మెరుస్తున్నాయి, కుర్చీ పక్కన దీపం వెలుగుతోంది. దేవుడి గూటి ముందు అత్తమ్మ, పసుపు చేతులతో అగ్గిపుల్ల గీస్తోంది. నూనె దీపం పెట్టనిదే కరెంటు దీపానికి దణ్ణం పెట్టకూడదని ఆమె నియమం. ఆమె చేతుల తడికి పుల్లలు వెలగటం లేదు.

"ముట్టుకోమాకు అత్తమ్మా!" అని అరిచాను. టెస్టరు ఇత్తడికి ఆనిస్తే ఎర్రగా వెలిగింది. ప్లగ్గు పీకి, రెండు తప్పులూ చెప్పేశాను. ఆమె అగ్గిపెట్టె గూట్లో పెట్టేసి నా వైపు తిరిగింది.

"నేను పోతే పోయేదాన్నిలే, ముసల్దాన్ని. మా చిన్నోడు నిన్ను బతకనిచ్చేవాడంట్రా?" అంది. తర్వాత మెల్లగా, "రేపొచ్చి బాగుచెయ్యి. ముందు నువ్వు పట్టుకోవాల. ఆ తర్వాతే నేను" అంది.

మర్నాడు పెరట్లో గొయ్యి తవ్వి ఉప్పు, బొగ్గు పోసి ఎర్తు వేశాను. కోత పడిన వైరు మార్చి, బుష్షు తొడిగి, గోడకు మూడు కంతల పాయింటు బిగించాను. ఆరింటికి కరెంటు వచ్చింది. టెస్టరు వెలగలేదు. చెప్పులు విడిచి తడి రాళ్ళ మీద నిలబడ్డాను. పనంతా సరిగ్గా ఉందని నాకు తెలుసు, అయినా చెయ్యి లేవలేదు. "పట్టుకో మరి, ఏం జూస్తన్నావ్" అంది అత్తమ్మ, పసుపు గిన్నెతో పక్కనే నిలబడి. కళ్ళు మూసుకుని పట్టుకున్నాను. ఇత్తడి చల్లగా ఉంది. చెయ్యి తీయబోతే ఆమె తియ్యనివ్వలేదు, నా వేళ్ళ పక్కనే పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఇప్పుడు దీపం చేసినవాడికి దాన్ని ముట్టుకునే మనిషి తెలియదు, ముట్టుకునేవాళ్ళకు చేసినవాడు తెలియడు. ఏదైనా మిగిలితే ఎగస్ట్రా అనుకుంటాం. ఆ రోజుల్లో ఎవరి చెయ్యి పడుతుందో పేరుతో సహా తెలుసు, అందుకే అంత భయం. ఆ వేసవంతా చాచా సైకిలు మీద, అంతకు ముందు నేను పచ్చ తీగ కోసి వచ్చిన గడపలన్నీ తిరిగి, తప్పు చెప్పి, ఎర్తు వేసి వచ్చాను.

మొత్తం పదకొండు ఇళ్ళు.