ఏటికి పోతూ కొన్న చేప

మా బడిలో ఆంజనేయులు మాస్టారు పిల్లలకు డ్రిల్లు చెబుతారు. ఉండేది ఎమ్మిగనూరులో, రోజూ బస్సులో ఆదోనికి వచ్చి పోతుంటారు. ఆదివారం వచ్చిందంటే గాలం పట్టుకుని మాధవరం దగ్గర తుంగభద్రకు పోవడం ఆయనకు ఎన్నో ఏళ్ళ అలవాటు. ఒకప్పుడు సోమవారం పొద్దున స్టాఫ్ రూములో ఆయన చేపల కబుర్లే. రెండు చేతులూ బార్లా చాపి చేప పొడుగు చూపించేవారు. ఈమధ్య ఆ చేతులు దగ్గరికి జరుగుతూ వచ్చి, నిరుటి నుంచి పూర్తిగా ఒళ్ళోకి చేరాయి. "ఏం పడింది మాస్టారూ?" అంటే "ఎండ పడింది" అంటారు. అయినా ఏ సోమవారమూ ఆయన మొహం వేలాడేసుకుని రాలేదు. ఏమీ దొరకని చోటికి వారం వారం పోయి అంత కులాసాగా తిరిగొచ్చే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. కొన్న వంకాయల్లో రెండు పుచ్చులొస్తే నాకు రోజంతా చిరాకు. ఈ కులాసా సంగతేమిటో కళ్ళారా చూద్దామని, మార్చిలో ఒక ఆదివారం నేనూ వస్తానన్నాను. మాది గుడి సేవ చేసుకునే ఇల్లు, చేపలు ముట్టం. "చూసేదానికి ముట్టక్కర లేదు కదా మేడం" అన్నారాయన. నమ్మాను.

ఆదోని నుంచి మాధవరానికి దగ్గర దారి పెద్దతుంబళం మీదుగా. రాయచూరు బస్సెక్కితే నేరుగా మాధవరంలో దిగిపోవచ్చు. నేను మాత్రం మాస్టారిని కలుసుకోవాలి కాబట్టి ఎమ్మిగనూరు చుట్టు తిరిగాను. ఆరున్నరకు పల్లెవెలుగు దొరికింది. ఆడవాళ్ళకు ఇప్పుడు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టుకు డబ్బులు లేవు, మగవాళ్ళకైతే యాభై రూపాయల లోపే. ప్రయాణం గంట. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ మొహాన కొట్టదు. ఊరి చివర పత్తి మిల్లుల గోడలు దాటాక చేలన్నీ పత్తి ఏరేసిన కట్టెతో నల్లగా ఉన్నాయి. మధ్య మధ్య కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు. బస్సు ఆగిన చోటల్లా ఆ ఘాటుకు అందరం కలిసి తుమ్మాం. కండక్టరు కూడా తుమ్ముతూనే టికెట్లు కొట్టాడు.

ఎమ్మిగనూరు బస్టాండు బయట మాస్టారు, ఆయన స్నేహితుడు ఖాజా ఆటో పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఖాజా ఆరు రోజులు ఆటో తోలుతాడు, ఏడో రోజు ఎవరు పిలిచినా ఎక్కించుకోడు, ఏటికి పోతాడు. ముగ్గురం ముందు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. నలభై రూపాయలిస్తే కడుపు నిండుతుంది, పుట్నాల పొడి అడిగితే ఇంకాస్త చల్లుతారు. ఆ తర్వాత ఆటో నది దారి పట్టకుండా చేపల అంగడి ముందు ఆగింది. ఖాజా దిగి, ఐసు పెట్టెలోంచి మూరెడు చేపనొకదాన్ని ఏరి, ఐసు ముక్కలతో సహా సంచిలో వేయించుకొచ్చాడు. వెనక సీట్లో గడకర్రలు, కుండ, మాస్టారు ఉన్నారు. మిగిలిన ఖాళీ నా ఒడి ఒక్కటే. "జరా పట్టుకోండి మేడం" అని సంచి అక్కడ పెట్టేశాడు. ముట్టని చేపను ముప్పావు గంట మోశాను. పైగా ఆ రోజు నేను కట్టుకున్నది లేత పసుపు ఎమ్మిగనూరు నేత చీర.

"ఏటికి పోతూ చేప కొనుక్కుపోతారా ఎవరైనా?" అన్నాను.

"మాకు కాదు మేడం, ఉరుకుందప్పకు" అన్నారు మాస్టారు. "ఆయప్పది మాధవరమే, కూలికి పోతాడు. మా ఇద్దరికీ గాలం ఎయ్యడం నేర్పించింది ఆయప్పే. వానలు పోయినప్పటి నుంచీ ఆయన గాలానికి ఒక్క చేప తగల్లేదు. పోయిన ఆదివారం సెప్పేసినాడు, ఈ వారం గూడ పడకపోతే గాలం సుట్టి అటక మీద పారేస్తా, ఇంగ రానని. అన్నాడంటే అన్నట్టే. పెళ్ళాం పోయినాక ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఆదివారం గూడ మా కాడికి రాకపోతే ఆయప్పతో మాట్లాడే దిక్కెవరు?"

వాళ్ళకొక కట్టుబాటు ఉందట. ఎవరికి పడిన చేపయినా ఒకే కుండలో పడాలి, అందరూ తినాలి. ఎవరికీ పడని రోజు చింతపండు, మిరపకాయ, ఉల్లిగడ్డ వేసి చేప లేకుండానే చేపల పులుసు కాస్తారు. ఈ ఏడాదంతా దాదాపు అదే పులుసు. ఎప్పుడన్నా వీళ్ళిద్దరిలో ఒకరికి ఒక చేప పడినా ఉరుకుందప్ప ఆ పులుసు ముట్టడు. కుండలో చేప వేయనివాడికి ముద్ద ఎక్కడిది అంటాడు. చింతపండు, మిరపకాయలు తానే ఇంటి నుంచి తెచ్చి, వండి, పక్కకు జరిగి ఒట్టి జొన్నరొట్టె నములుతాడు.

"అన్నీ ఆలోచించినాం, ఫికర్ చేయొద్దు" అన్నాడు ఖాజా, అద్దంలో నన్ను చూస్తూ. "రూప్‌చంద్ తెస్తే దొరికిపోతాం, అది సెరువుల్లో పెంచేది. అందుకే బొచ్చె తీసుకున్నా. బొచ్చె ఏట్లో గూడ ఉంటాది. కొయ్యొద్దు, పొలుసు తియ్యొద్దని సెప్పి మరీ తెచ్చినా."

మాధవరం దాటి వంతెనకు ముందే ఆటో మట్టిదారిలోకి దిగింది. సొంతంగా ఆటో మాట్లాడుకునేవాళ్ళను రానూపోనూ ఏడెనిమిది వందలు అడుగుతారు, బేరమాడండి. మంత్రాలయం స్నానఘట్టాల దగ్గర ఎవరూ గాలం వేయరు, వేయకూడదు కూడా. ఈ చోటు దానికి బాగా దూరం. ముళ్ళకంపలు దాటగానే నది కనిపించింది. నది అనడం కన్నా బండలు అనడం సబబు. బండల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి మడుగులు, వాటిని కలుపుతూ సన్నటి పాయ. అవతలి గట్టు కర్ణాటక. అటువైపు ఎవరో గొర్రెలను కన్నడంలో తిడుతుంటే ఇటు స్పష్టంగా వినబడుతోంది, అంత తక్కువ నీళ్ళు. అయినా అందంగానే ఉంది. ఉదయపు వెలుగులో ఆ బండలు కాల్చిన బెల్లం రంగులో ఉన్నాయి.

ఉరుకుందప్ప అప్పటికే వచ్చి ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. ఎండిన చింతకాయలా సన్నగా, గట్టిగా ఉన్న మనిషి. తలకు తువ్వాలు. పక్కన వెదురు గడ, దాని కొనకు ఒక ఇత్తడి మువ్వ. అమ్మేసిన ఎద్దు మెడపట్టీలోంచి తీసుకున్న మువ్వ అట. చేప తగిలితే అది మోగాలి.

"రామ్మా, నీడకు కూసో" అన్నాడు. "సూసేదానికేముంది ఈడ. మా గ్రాచారం సూడ్డానికి వచ్చినట్టుండావు."

జొన్నపిండి ముద్దలో వేయించిన శనగపిండి, కాస్త బెల్లం కలిపి ఎర పిసుకుతున్నాడు. ఆ పిసకడంలో హడావుడి లేదు. అందరి గాలాలకూ తానే ఎర గుచ్చి ఇచ్చాడు. ముందు ఎలా ఉండేదని అడిగాను.

"దీన్ని దున్నపోతు మడుగంటారమ్మా. దున్న నిలబడితే మునిగిపోతాండె. నాలుగు గాలాలేస్తే రెండు మోగుతాండె. ఇసక తోడినాక అడుగు యాడిదాడకు మారిపోయె. పైనుంచి నీళ్ళు ఎప్పుడొదుల్తారో మనకు తెల్దు, సేపకూ తెల్దు. మళ్ళ సన్నకన్ను వలలేసి పిల్లల్ని గూడ ఊడ్చుకపోతాండారు. సేపకు మాత్రం ఏం బుద్ధి పుడ్తాది ఈడ ఉండేదానికి."

తిట్టినట్టు కాకుండా, ఊరొదిలిపోయిన చుట్టాల గురించి చెప్పినట్టు చెప్పాడు. పదకొండయ్యేసరికి మూడు గాలాల్లో చేప తగిలింది ఖాజా గాలానికొక్కదానికే. లాగితే చిన్న జెల్ల వచ్చింది. జానెడు లేని చేపను మళ్ళీ నీళ్ళలో వేయాలన్నది ఉరుకుందప్ప ఎప్పుడో పెట్టిన నియమం. ఖాజా దాని పక్కన చెయ్యి పెట్టి, వేళ్ళు కాస్త ముడిచి, "అంతే ఉందప్పా" అన్నాడు. ఉరుకుందప్ప ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. ఖాజా వేళ్ళు వాటంతటవే చాచుకున్నాయి. నవ్వుకుంటూ పోయి చేపను పాయలో వదిలేశాడు. నెలల తరబడి ఏమీ దొరకని మనుషులు చేతికి దొరికినదాన్ని అలా వదిలేయడం చూస్తే నాకు మనసు నిండిపోయింది. మాస్టారి సోమవారపు కులాసా ఎక్కడిదో నాకు అప్పుడే కొంచెం అర్థమైంది.

ఎండ ముదిరాక ఉరుకుందప్ప గడను రాళ్ళ సందున బిగించి పుల్లల కోసం కంపల వైపు పోయాడు. వీళ్ళిద్దరూ ఎదురు చూస్తున్నది దానికే. ఖాజా సంచి విప్పి, ఆ గాలాన్ని లాగి, బొచ్చె నోటికి గుచ్చి, చప్పుడు కాకుండా నీళ్ళలోకి జార్చాడు. మాస్టారు, మా బడిలో అబద్ధమాడిన పిల్లల్ని మైదానం చుట్టూ పరిగెత్తించే మాస్టారు, వేలితో మువ్వను ఆడించి, "అప్పా, నీ గాలం మోగుతాండాది, రా" అని కేకేశారు.

పుల్లలు అక్కడే పారేసి ముసలాయన పరిగెత్తుకొచ్చాడు. ఆ వయసులో ఆ బండల మీద ఆ పరుగు చూసి నాకు భయమేసింది. గడ ఎత్తాడు. చేప బరువుగా, కదలకుండా పైకి వచ్చింది.

"కొట్టుకోని కొట్టుకోని సచ్చినట్టుంది" అన్నాడు ఖాజా.

"అట్లనే ఉన్నట్టుంది" అన్నాడు ఉరుకుందప్ప.

ఎవరికి పడిన చేపను వాళ్ళే కోసి కడగాలన్నదీ వాళ్ళ పద్ధతే. ఆయన కత్తి పట్టుకుని నీళ్ళ పక్కన కూర్చుని, పొలుసు తీసి, పొట్ట చీల్చి వేళ్ళు లోపలికి పెట్టాడు. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ బండల మీద కాలు పెట్టలేనంత ఎండ, మడుగు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఐసు పెట్టెలో రాత్రంతా పడుకున్న చేప కడుపు ఎలా ఉంటుందో ఇద్దరు వీరులకూ తట్టనేలేదు. ఆయన మెల్లగా తలెత్తి నా వైపు చూశాడు. మొహం వైపు కాదు, ఒడి వైపు. నా పసుపు చీర మీద సంచి కారిన చోట అరచేయంత గులాబీ రంగు మరక ఎండిపోయి ఉంది. కొంగు లాగి కప్పుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది.

ఇప్పుడు కత్తి కింద పెట్టి లేచిపోతాడనుకున్నాను. గాలం చుట్టేస్తాడు, ఆదివారాలు అయిపోతాయి, ఆ పాపంలో నా ఒడికి కూడా వాటా ఉంటుంది. ఆయన మళ్ళీ తల దించుకుని చేపను శుభ్రంగా కడిగి, ముక్కలు కోసి కుండలో వేశాడు. పులుసు ఉడికాక రొట్టె ముంచుకుని అందరితో పాటు కూర్చుని తిన్నాడు. మాస్టారూ ఖాజా ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. నేను దూరంగా కూర్చుని నా పెరుగన్నం డబ్బా విప్పి, మరక మీంచి కొంగు జారకుండా ఒక చేత్తో పట్టుకుని తిన్నాను.

సాయంత్రం వాళ్ళు కుండ తోముతుంటే ఆయన నన్ను ఆటో దాకా దిగబెట్టడానికి వచ్చాడు. ఉండబట్టలేక అడిగేశాను, తెలిసీ ఎందుకూరుకున్నావని.

"సెప్తే వాళ్ళ మొగాలు యాడ పెట్టుకుంటారమ్మా" అన్నాడు. "నేను రావాలని సేపను కొనుక్కొచ్చినారు. ఏరు ఇయ్యకపోతే పిల్లోళ్ళు ఇచ్చినారు. తినకుండా ఎట్లుంటా?"

"మరి గాలం?"

"సుట్టేదెట్లా ఇంగ? కుండకు ఒక సేప బాకీ పడితి. తీర్చేదాకా రావల్సిందే. నువ్వు మాత్రం యాడా అనాకు."

నేను ఎవరికీ చెప్పలేదు. కడుపులో ఉన్న మాట స్టాఫ్ రూములో ఎన్ని సార్లు నాలిక చివరికి వచ్చిందో నాకే తెలుసు. ఉగాది దాటాక ఒక సోమవారం మాస్టారు బడికి ఆలస్యంగా వచ్చారు. నా బల్ల దగ్గర నిలబడి నవ్వు ఆపుకుంటూ చెప్పారు. ముందురోజు ఉరుకుందప్ప మువ్వ నిజంగానే మోగిందట. మూరకు కాస్త తక్కువ బొచ్చె, బతికే ఉంది, బండ మీద ఎగిరెగిరి పడింది. దాన్ని కోసి పొట్ట చీల్చాక ఆయన మాస్టారిని పిలిచి, చెయ్యి పట్టుకుని వేళ్ళు అందులో పెట్టించాడట. "సూడు సారూ, ఎచ్చగుందా, సల్లగుందా?" అన్నాడట. ఖాజా ఆటో వెనక్కి పోయి దాక్కున్నాడట. ఆ తర్వాత ముగ్గురూ పులుసు మాడిపోయేదాకా నవ్వారట. గుట్టు ఆయనే విప్పాడు కాబట్టి ఇప్పుడు నేను రాయగలుగుతున్నాను.

అక్కడికి పోతే చేపలు దొరుకుతాయని నేను ఎవరికీ చెప్పను. దొరకవు. ఒకప్పటి నది అక్కడ లేదు, అది తలచుకుంటే బాధగానే ఉంది. కానీ అంత తక్కువ నీళ్ళ పక్కన, చేప లేని కుండను వారం వారం పొయ్యి మీద పెడుతూ, ఒకరినొకరు జారిపోకుండా పట్టుకున్న ఆ ముగ్గురిని చూసి వచ్చాక నా చిన్న చిన్న చిరాకులకు నాకే సిగ్గేసింది. మళ్ళీ పోతాను, పెరుగన్నం కట్టుకునే పోతాను. మీరూ పోయేట్టయితే ఆదివారం పొద్దున్నే పోండి, జొన్నరొట్టెలు కాస్త ఎక్కువ తీసుకెళ్ళండి. ముఖ్యంగా ఒక్క మాట: దారిలో ఎవరైనా పట్టుకోమని సంచి ఇస్తే ఒళ్ళో కాదు, కాళ్ళ దగ్గర పెట్టుకోండి. నా చీర మీద ఆ మరక పోలేదు. మూడు సార్లు ఉతికి, నాలుగోసారి ఉతకబుద్ధి కాక అలాగే మడిచి పెట్టాను.