పొరబడిన చెయ్యి

ఆమె వీధిలో నడుస్తుంటే మీసాలొచ్చిన మగవాళ్ళు కూడా కాస్త సిగ్గుపడి పక్కకు తప్పుకునేవారు. తమను పుట్టినప్పటి రూపంలో చూసిన మనిషి ఎదురొస్తే ఎవరికైనా అంతే. అందరికీ ఆమె మంత్రసానమ్మ. కడుపు మీద చెయ్యి వేసి చెప్పిన మాట ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదని పేరు. ఆ పేరే ఆమె ఆస్తి.

ఆ ఆస్తికి వాటాదారు వచ్చిందని సొంత కూతురి నోటే వింది.

రెండు వీధుల అవతల కాపురముంటున్న కూతురికి నెలలు నిండుతున్నాయి. ఆస్పత్రిలో కాదు, ఇంట్లోనే కంటానంది. తల్లి పొంగిపోయి పాత చీరలు ఉతికి, ఎండలో ఆరేసి, మడతలు పెట్టుకుంది కూడా. అప్పుడు కూతురు నెమ్మదిగా మాట బయటపెట్టింది.

"పిచ్చుకను పిలుద్దామనుకుంటున్నానమ్మా."

పిచ్చుక ఆమె శిష్యురాలు. పొట్టిగా, సన్నగా, ఒక్కచోట కాలు నిలవని పిల్ల కనుక ఆ పేరు తనే పెట్టింది. దిండు గలీబులో రబ్బరు బంతినీ మడిచిన తువ్వాలునూ పెట్టి కుట్టేసి, పైనుంచి తడిమి ఏది తలో, ఏది పిర్రలో చెప్పమని నెలల తరబడి నేర్పింది. తర్వాత ఆ పిల్ల నర్సు చదువు చదివి వచ్చి, ఇప్పుడు ఇళ్ళకు వెళ్ళి పురుళ్ళు పోస్తోంది.

"ఏం, నేను చచ్చానా?"

"నువ్వు అమ్మవి కదే. నొప్పులొస్తే నేను గోల గోల చెయ్యాలి. నువ్వెదురుగా ఉంటే పళ్ళు బిగపట్టుకుంటాను. పైగా నువ్వు ఏడిస్తే నిన్నెవరు ఓదారుస్తారు, నేనా?"

"నేనెందుకు ఏడుస్తానే!"

"మొన్న కూర తరుగుతూ నా వేలు తెగితే ఏడ్చిందెవరు?"

నిజమే. కానీ నిజం ఎప్పుడైనా కడుపుమంటకు మందయిందా! ఆనాటి నుంచి పిచ్చుక మాట వినబడితే చాలు, గుండెలో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టుండేది. "పిచ్చుక చేతులు ఎంత వెచ్చగా ఉంటాయో" అని కూతురు ఒకసారి అంది. ఆ పూటంతా ఆమె గిన్నెలు తోముతూ, తడిచేతుల్ని మాటిమాటికీ తన చెంపకు ఆనించి చూసుకుంది. చల్లగా ఉన్నాయి. నీళ్ళలో ఉన్నాయి కనుక చల్లగా ఉన్నాయా, ఎప్పుడూ ఇంతేనా? ముప్పై ఏళ్ళలో ఎవరూ ఏమీ అనలేదే! మొహమాటానికి అనలేదేమో.

అల్లుడు బస్సు డ్రైవరు. బ్రేకు రెండుసార్లు తొక్కి చూసుకోనిదే బండి కదిలించని మనిషి. అతను ఒకటే మాట చెప్పాడు. "ఇంట్లో అంటే నాకు భయం. అత్తయ్య చెయ్యి వేసి చూసి, బిడ్డ తల కిందికే ఉందంటే సరే. పైకుందంటే మాత్రం ఆస్పత్రే. మళ్ళీ ఆ ఊసెత్తొద్దు."

అలా తీర్పు ఆమె అరచేతిలోకి వచ్చింది.

ఆ ఆదివారం ఉదయం కూతురింట్లో కిటికీ తెరలోంచి వెలుతురు పలచగా మంచం మీద పడుతోంది. కూతురు వెల్లకిలా పడుకుంది. పిచ్చుక చేతులు కడుక్కుని వచ్చి, గోడవారగా నిలబడింది.

"ముందు మీరు చూడండమ్మా."

ఆమె చెయ్యి వేసింది. పైన మెత్తగా తగిలింది. కింద గట్టిగా, గుండ్రంగా, వేళ్ళ మధ్య చిన్నగా ఊగింది తల. ఇంకా మొహం చూపించని మనిషిని మొదటిసారి నిమిరినట్టయింది. ఈ తలను లోకంలో ముందుగా పట్టుకునేది తను కాదు. గోడవార నిలబడ్డ ఆ వెచ్చటి చేతులు.

"తల పైనుంది," అంది.

తన గొంతేనా అనిపించింది. మళ్ళీ పరీక్ష చేయిస్తారేమో, చేయించనీ. తల కిందే అని తేలితే, బిడ్డ ఆ తర్వాత తిరిగింది అంటే సరి. భయం ఒకసారి గడప దాటి లోపలికొచ్చిందంటే తనంతట తాను బయటికి పోదు. ఆస్పత్రిలో ఎవరి చేతుల్లో పడినా ఫరవాలేదు, పిచ్చుక చేతుల్లో మాత్రం పడకూడదు.

"నేను చెప్పలేదూ!" అన్నాడు అల్లుడు. కూతురి కంటి కొసనుంచి ఒక చుక్క జారి చెవిలోకి పోయింది.

పిచ్చుక వచ్చి మంచం పక్కన కూర్చుంది. చాలాసేపు తడిమింది. తలెత్తకుండానే అంది.

"నాకెందుకో కిందే తగులుతోందమ్మా. మీ దగ్గర నేర్చుకున్నదాన్ని, తప్పు నాదే అయ్యుంటుంది. ఇంకోసారి చూసి చెప్పండి."

ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికింది. ఇసుమంతైనా ఉంటే పట్టుదలకు పోయి నెగ్గుకొచ్చేది. లేదు. ఆమె వెనక్కి రావడానికి ఊరికే తలుపు తెరిచి పట్టుకున్నట్టుంది ఆ పిల్ల.

"చూడమ్మా," అంది కూతురు. "నువ్వెలా అంటే అలాగే."

ఆమె మళ్ళీ చెయ్యి వేసింది. చూడ్డానికి ఏమీ లేకపోయినా చాలాసేపు ఉంచింది.

"కిందే ఉంది. నా చెయ్యి పొరబడింది."

అల్లుడు ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూలబడ్డాడు. "పోనివ్వండత్తయ్యా, పెద్దవారయ్యారు కదా." ఆ ఓదార్పు చెంపదెబ్బలా తగిలింది. కూతురు ఆమె వేళ్ళు పట్టుకుని, పసిపిల్ల వేళ్ళు నిమిరినట్టు నిమిరింది. "అందుకేనమ్మా వద్దన్నది. నీకూ వయసు మీద పడుతోంది."

పడలేదు. ఈ వేళ్ళకేమీ కాలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది చెప్పాలంటే రెండోదీ చెప్పాలి. మింగేసింది. ముప్పై ఏళ్ళ పేరు, ఒక్క గుటక.

"సరే, అయితే ఇంట్లోనే," అన్నాడు అల్లుడు. ఏమేం సిద్ధం చెయ్యాలో, తేడా వస్తే ఏ బండిలో ఏ ఆస్పత్రికి పోవాలో పిచ్చుక కాగితం మీద రాసి అతని చేతిలో పెట్టింది.

సాగనంపడానికి ఆమే మెట్లదాకా వచ్చింది. పిచ్చుక వంగి చెప్పులు తొడుక్కుంటూ అంది. "ఆ రోజు మీరూ పక్కనుండాలమ్మా."

"పొరబడే చేతులు నీకెందుకే?"

"మీ చెయ్యి పొరబడలేదు. నాకు తెలుసు."

అని మెట్లు దిగసాగింది. ఇంతకాలం ఆ పిల్ల చేతుల మీదే కుళ్ళు. ఇప్పుడు దాని మనసు చూసి కూడా కుళ్ళుకోవాల్సి వచ్చింది. ఇదెక్కడి ఖర్మ! ఆమె పిట్టగోడ మీంచి కిందికి వంగింది.

"ఇదిగో! నొప్పులు మొదలైతే అది ముందు ఎవరికి ఫోన్ చేస్తుంది? నీకా, నాకా?"

"నాకేనమ్మా. ఆ వెంటనే నేను మీకు చేస్తాగా!"

"నాకంటే ఎన్ని నిమిషాల ముందు?" అనడిగింది.