కొట్టిన మందు, పెట్టిన మందు

1984 వానాకాలం. అప్పుడు నేను జమ్మికుంట పక్క గ్రామాల్లో వ్యవసాయ విస్తరణాధికారిని. రెండు మూడెకరాలున్న యువరైతులకు శిక్షణ ఇవ్వడం నా పని. ఒక ఊళ్లో నలుగురిని ఎంచుకుని, అందరికీ కలిపి ఒక స్ప్రేయర్, అంటే వీపుకు తగిలించుకుని మందు కొట్టే డబ్బా ఇచ్చాను. వంతులవారీగా వాడుకోవాలి. నా అంతటి మొనగాడు జిల్లాలో లేడని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం.

ఆగస్టులో ఒక పొద్దున వాళ్ల పత్తిచేలు చూడబోయి గట్టు మీదే ఆగిపోయాను. మోకాలెత్తు మొక్కలు పచ్చగానే ఉన్నాయి. కానీ ఆకు ఆకులా లేదు. వెడల్పు పోయి, సన్నగా చీలి, మనిషి వేళ్లలా లోపలికి ముడుచుకుంది. పురుగు లేదు, మచ్చ లేదు. చేనంతా పిడికిళ్లే! చదివిన చదువు ఎటు పోయిందో గానీ, నాకు ఒక్క తెగులు పేరూ తట్టలేదు.

"ఏ మందు కొట్టారయ్యా?" అని కొమురయ్యను అడిగాను. నలుగురిలోకీ చురుకైనవాడు అతనే.

"కొట్టిన మందుతోని గాలే సార్. గిది పెట్టిన మందు," అన్నాడు మెల్లగా.

మా వైపు మందు పెట్టడమంటే చేతబడి. అతని చూపు పక్క చేను మీద ఉంది. అది మల్లవ్వ అనే ఒంటరి ముసలామెది, అరెకరం. చుట్టూ నలుగురి చేలూ పాడైతే నడుమ ఆమె పత్తి ఒక్కటే నిగనిగలాడుతోంది. ఆమె అక్కడే నిలబడి మమ్మల్ని చూస్తోంది.

"రోజు గీ గట్టు మీదికెల్లే పోతది సార్. బాణామతి చేసింది. ఐతారం పంచాయితీ ఉన్నది. పండ్లు ఊడగొడ్తరు."

పళ్లు లేకపోతే మంత్రం పలకదని వాళ్ల నమ్మకం. అది ఉత్త బెదిరింపు కాదని నాకు తెలుసు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నేనూ మల్లవ్వ కళ్లలోకి చూడలేకపోయాను.

నాలుగు చేలూ తిరిగాను. కొమురయ్య చేను అన్నిటికంటే అధ్వానం. రెండోది కొంత నయం, మూడోది ఇంకొంత. నాలుగో చేలో చిగుళ్లు మాత్రమే ముడుచుకున్నాయి. ఎవరి తర్వాత ఎవరు కొట్టారని అడిగితే సరిగ్గా అదే వరుస చెప్పారు. అంతకు ముందు అదే డబ్బాతో వరి మడిలో టూ ఫోర్ డీ, అంటే కలుపు మందు, కొట్టి చూపించింది నేనే. వరికి ఏమీ కాదు, పత్తికి మాత్రం చుక్క తగిలినా చాలు. డబ్బాను సోడా నీళ్లతో బాగా కడగాలి. ఆ రోజు నేను బస్సు తప్పుతుందని ఒక్కసారి నీళ్లు పోసి తొలిచి కొమురయ్య చేతికిచ్చాను. మల్లవ్వ చేలోకి ఆ డబ్బా పోనే లేదు.

తప్పు నాదని చెబితే ఒక్కడూ నమ్మలేదు.

"ముసల్దాన్ని కాపాడనీకి చెప్తున్నవ్ సార్. మంచి చేన్ల కొట్టి చూపియ్యి," అన్నాడు కొమురయ్య.

మంచి చేను ఇంకెక్కడుంది? మల్లవ్వదే.

"కొట్టు సారూ," అంది ఆమె.

"రెండు సాళ్లు చాలమ్మా."

"వద్దు, మొత్తం కొట్టు. మిగిలినయి జూసి మళ్ల గదే మాటంటరు."

నలుగురి ఎదుట అదే తప్పు మళ్లీ చేశాను. వరిలో కలుపు మందు కొట్టి, ఒక్కసారి తొలిచి, మంచినీళ్లు నింపి ఆమె చేనంతా కొట్టాను. పంచాయితీని బతిమాలి పై ఆదివారానికి జరిపించాను. రోజూ పోయి చూశాను. మూడు రోజులూ ఆకులు వెడల్పుగా, హాయిగా ఎండ కాగుతున్నాయి. కొమురయ్య వచ్చి ఆకుల వైపు చూసి, ఆ తర్వాత ఆమె నోటి వైపు చూసి పోయేవాడు. ముడుచుకోకపోతే? పంట పాడవాలని నేను దేవుడికి మొక్కుకున్నది జన్మలో ఆ ఒక్కసారే.

ఐదోనాటికి చిగుళ్లు వంగాయి. ఐతారానికి చేనంతా పిడికిళ్లే. పంచాయితీ కూడలేదు. కొమురయ్య ఒక ఆకు తెంపి, చేతిలో తిప్పి చూసి ఇంటికి పోయాడు.

ఆ తర్వాత పదేళ్లకు పైగా ఏ శిక్షణలోనైనా డబ్బా కడగడమే మొదటి పాఠంగా చెప్పాను. తప్పు చేస్తే పది మందిలో ఒప్పుకోవడం రెండో పాఠం. ఆ రెండూ నాకు వచ్చింది ఒక ముసలామె పంట బుగ్గిపాలు చేశాకే. ఆ ఐతారం క్షమించమని అడగబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి నవ్వింది.

"మంచిగైంది సారూ. గిప్పుడు నేను గూడ అందరి లెక్కనే అయిన."