కాచిగూడ దాకా క్యారేజీ

పోయిన నెల ఢిల్లీ వెళ్లే రైల్లో, ఫోన్ మీద వేలితో నాలుగు నొక్కులు నొక్కి తెప్పించుకున్న భోజనం డబ్బా మూత తీస్తే, ముందు వచ్చింది అన్నం వాసన కాదు, వేడికి మెత్తబడిన ప్లాస్టిక్కు వాసన. దాని వెనక జీలకర్ర, దాని వెనక పొద్దున్నెప్పుడో కాగిన నూనె. తెచ్చిచ్చిన కుర్రాడు నా ముఖం చూడలేదు. సీటు నంబరు చూసుకొని "మేడం, ఓటీపీ" అన్నాడు, చెప్పగానే వెళ్లిపోయాడు. ఎదుటి సీటు పెద్దాయన "ఎంత సుఖమైపోయిందండీ ఇప్పుడు, కూచున్న చోటికే భోజనం!" అని మురిసిపోయాడు. ఈ సుఖాన్ని మా చుట్టాలు ముప్పై ఏళ్ల కిందటే మా అమ్మ చేత అనుభవించారు, ఓటీపీ కూడా లేకుండా. ఆ మాట ఆయనతో అనలేదు గానీ, అన్నం మాత్రం సగం వదిలేశాను.

అప్పట్లో మేం అశోక్‌నగర్‌లో ఒక గల్లీ చివర, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న చిక్కడపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవాడు. ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆయన గోళ్ల కింద సిరా నలుపు పోయేది కాదు, ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టేవాడు. పట్నంలో ఇల్లున్న వాళ్లకు ఆ రోజుల్లో ఒక చాకిరీ రాసిపెట్టి ఉండేది. ఊరి మీదుగా రైల్లో పోయే చుట్టాలకు స్టేషనుకు భోజనం పట్టుకెళ్లాలి. రైల్లో వంటబోగీ ఉన్నా సరే, మనవాళ్లు ఉండగా బయటి తిండి తినడమేమిటని అనేవారు. అట్లా అనేవాళ్లలో మొదటివాడు మా మేనమామ, అమ్మకు ఒక్కగానొక్క అన్న.

మామ బెంగుళూరులో పెద్ద ఉద్యోగి. ఆఫీసు పని మీద తరచూ ఢిల్లీ వెళ్లేవాడు, ఆ రైలు కాచిగూడలో ఆగేది. పాలమూరులో గది కిరాయికి తీసుకొని ఆయన చదువుకుంటున్నప్పుడు, వండిపెట్టడానికని అమ్మను బడి మాన్పించి పంపించారట. ఆయన చదువు అయ్యాక ఆయనకు ఉద్యోగం వచ్చింది, ఈమెకు పెళ్లయింది. తాతా అమ్మమ్మా పోయాక అమ్మకు పుట్టిల్లంటూ మిగిలింది ఆ ఒక్క మనిషే. అమ్మకున్న కోరికా ఒక్కటే: అన్న ఎప్పుడైనా ఒక్కసారి రైలు దిగి మా గల్లీలోకి రావాలి, మా చాప మీద కూచొని నాలుగు ముద్దలు తినాలి. ఆయన ప్రతిసారీ కిటికీలోంచి "ఈసారి తప్పకుండ దిగుత చెల్లె" అనేవాడు, అమ్మ ప్రతిసారీ నమ్మేది.

ఫోను పక్కింటి లాయరుగారి ఇంట్లో ఉండేది. "మీ అన్న రేపు వస్తుండట" అని లాయరుగారి భార్య గోడ మీదుగా చెప్పడమే ఆలస్యం, అమ్మ సంచి పట్టుకొని చిక్కడపల్లి మార్కెట్టుకు ఉరికేది. ఎండాకాలమైతే మామిడికాయ పప్పు, వానాకాలమైతే వెల్లుల్లి దండిగా వేసి తాలింపు పెట్టిన పుంటికూర, చలికాలమైతే చిక్కుడుకాయ, ఏ కాలమైనా సరే నువ్వుల పొడి అద్దిన వంకాయ, అంచులు ఎర్రగా కాల్చిన సర్వపిండి రొట్టె, దారిలో పులవకుండా పాలు పోసి తోడేసిన పెరుగన్నం. ఇల్లంతా ఇంగువ, కరివేపాకు, నువ్వుల నూనె వాసనతో నిండిపోయి, ఆ వాసనకు కడుపులో ఎలుకలు పరుగెత్తుతుంటే నేను పొయ్యి చుట్టూ తిరిగేదాన్ని. "మామకు కట్టినంక మిగిలింది మనకు" అనేది అమ్మ. మిగిలేది గిన్నె అడుగు మాడు, సర్వపిండి విరిగిన ముక్క.

నాలుగు గిన్నెల క్యారేజీని పాత తువ్వాలలో మూట కట్టి, దాన్ని ఒళ్లో పెట్టుకొని ఆటోలో కూచుంటే, నారాయణగూడ చౌరస్తా దాటి బర్కత్‌పుర దాకా ఆ వేడి అమ్మ చీర కుచ్చిళ్లలోంచి నా మోకాలికి తగిలేది. ప్లాట్‌ఫారం మీద మాలాంటి వాళ్లు ఎంతమందో! క్యారేజీలు, అరిటాకు పొట్లాలు, మూతికి గుడ్డ కట్టిన కూజాలు. రంగు బల్బులు వెలిగే బరువు మిషను ముందు నిలబడి దాని చక్రం తిరగడం చూడటం, బండరాళ్ల గీతలు తొక్కకుండా చివరి దాకా గెంతి రావడం నా ఆటలు. రైలు రాగానే ఆటలన్నీ బంద్. అమ్మ ఫస్టు క్లాసు బోగీ వెంట పరుగెత్తేది, నేను అమ్మ కొంగు వెంట పరుగెత్తేదాన్ని. మామ క్యారేజీ తీసుకొని, పోయినసారి పట్టుకెళ్లిన క్యారేజీని బోగీ తలుపు దగ్గరే నిలబడి తిరిగిచ్చేవాడు. అది ఎప్పుడూ కడిగి ఉండేది కాదు. పప్పు ఎండి పెచ్చులు కట్టి ఉండేది. "రైల్ల నీళ్లు యాడికెల్లొస్తయి" అని అమ్మే ఆయన తరఫున జవాబు చెప్పుకొని, ఇంటికొచ్చి బూడిద పెట్టి తోమేది.

ఒకసారి, వానలు వెనకబడ్డ రోజుల్లో, ముందు లైను ఖాళీ లేదని రైలు చాలాసేపు ఆగిపోయింది. మామకు ఆకలేసి క్యారేజీ అక్కడే విప్పాడు. మేం కిటికీ కిందే నిలబడ్డాం. అమ్మ ముఖం చూడాలి అప్పుడు! అన్న ఇంటికి రాకపోయినా, తన కళ్ల ముందు తన వంట తింటున్నాడు. ఆయన తాగడానికి నీళ్లు పట్టుకొస్తానని సీసా తీసుకొని నల్లా దగ్గరికి పోయింది. నేను కిటికీ చువ్వలు పట్టుకొని మామ వేళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. ఎదుటి బెర్తులో సఫారీ సూటు వేసుకున్న ఒకాయన, వంటబోగీ వాళ్లిచ్చిన పళ్లెంలో నీళ్ల పప్పు కెలుకుతూ మాటిమాటికీ ఇటే చూస్తున్నాడు. మామ ఆయనకు కాస్త వంకాయ, ఒక సర్వపిండి ముక్క పెట్టాడు. ఆయన తిని కళ్లు పెద్దవి చేశాడు.

"అబ్బ, ఇదీ భోజనమంటే! ఎవరండీ ఆమె, మీ బంధువా?"

మామ నోట్లో ముద్ద మింగాడు. చెమటకు తడిసిన అమ్మ జాకెట్టు, అరిగిపోయిన స్లిప్పర్లు, మేం నిలబడ్డ చోటు, అన్నీ ఆయన కళ్ల ముందు మెదిలే ఉంటాయి. "తెలిసినామె" అన్నాడు. "కబురు చేస్తే వండి తెస్తది."

"అయితే నాక్కూడా చెప్పి పెట్టండి, వచ్చేసారికి" అన్నాడు సఫారీ ఆయన. మామ నవ్వాడు.

వెనక్కి తిరిగి చూస్తే అమ్మ నిండు సీసాతో అక్కడే ఉంది. మామ ఆమెను అప్పుడే చూశాడు. చూసీ మాట మార్చలేదు. "అన్నా" అనకుండా ఒక్క మాటయినా పూర్తి చేయని అమ్మ, సీసా చువ్వల సందులోంచి లోపలికిచ్చి "నీళ్లు" అని మాత్రం అంది. రైలు కదిలినప్పుడు చెయ్యి ఊపలేదు. తిరుగుదారిలో ఆటో ఎక్కకుండా బర్కత్‌పుర మీదుగా నారాయణగూడ దాకా నడిచాం. చౌరస్తా దగ్గర బండ్లన్నీ ఆగినా రోడ్డు దాటకుండా నిలబడి, "మీ నాయినకు చెప్పకు బిడ్డా" అంది అమ్మ.

బతుకమ్మ పండుగ రోజుల్లో మళ్లీ కబురొచ్చింది. అమ్మ మార్కెట్టుకు పోయింది, ఎప్పటికంటే ఎక్కువే తెచ్చింది. తెల్లవారుజామున లేచి అన్నీ వండింది, పండుగ కదా అని రొట్టె నలిపి బెల్లం కలిపి, నెయ్యి ఓడేలా మలీద ముద్దలు కూడా కట్టింది. నేను గౌను వేసుకొని తయారయ్యాను. ఆటోకు బయలుదేరే వేళకు అమ్మ చాప పరిచి మూడు కంచాలు పెట్టింది. ప్రెస్సు నుంచి అన్నానికని వచ్చిన నాన్న గుమ్మంలోనే ఆగి, "మీ అన్న రైలు గద ఇయ్యాల?" అన్నాడు.

"వస్తది, పోతది" అంది అమ్మ. "నువ్వు కూసో."

ముగ్గురం తిన్నాం. విరగని సర్వపిండి మొదటిసారి నా కంచంలో పడింది. అంత రుచైన భోజనం నేను మళ్లీ తినలేదు, అంత భయపడుతూ కూడా ఎన్నడూ తినలేదు. అమ్మ గోడ గడియారం వైపు చూస్తూనే మాకు వడ్డించింది, తను ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

మర్నాడు ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. లాయరుగారి ఇంట్లో సోఫా పక్కన నిలబడి అమ్మ చాలాసేపు వింది. తర్వాత నెమ్మదిగా అంది: "మరిచిపోలేదు. రైల్ల పాంట్రీ ఉంటది గద. తెలిసినామెకు ఇంట్ల పని పడ్డది, రాలే." ఫోను పెట్టేసి, లాయరుగారి భార్యకు థ్యాంక్స్ చెప్పి, ఇంటికొచ్చి తలుపేసుకొని ఏడ్చింది.

ఆ తర్వాత మామ కబురు చేయలేదు. కోపమొచ్చి తిట్టినా బాగుండేది, తిడుతూ అయినా ఇంటికి వచ్చేవాడేమో. ఏళ్ల తరబడి ఆయన కాచిగూడ మీదుగా పోతూనే ఉన్నాడని వాళ్ల నోటా వీళ్ల నోటా తెలిసేది. ఆయన పోయిన సంగతి కూడా పదకొండో రోజు దాటాక చెప్పారు, దూరం కదా, ఇబ్బంది పెట్టడమెందుకని. అమ్మ పెట్టిన ఆ మూడు కంచాలు నాకు ఇప్పటికీ గర్వమే, కానీ ఆమె గెలిచిందని మాత్రం అబద్ధం చెప్పలేను.

ఇప్పుడు నాన్న లేడు, ఆ ప్రెస్సూ లేదు. మేం కిరాయికున్న ఇల్లు పడగొట్టి సర్కారు పరీక్షలకు చదివే పిల్లల హాస్టలు కట్టారు. కాచిగూడ ప్లాట్‌ఫారం మీద రంగు సంచులు భుజాన వేసుకున్న కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటూ బోగీలు వెతుకుతారు గానీ, క్యారేజీతో రైలు వెంట పరుగెత్తే ఆడమనిషి ఒక్కతీ కనబడదు. చాకిరీ పోయింది, మంచిదే. ఆ చాకిరీని పట్టుకొని వేలాడిన చుట్టరికమూ దాంతోపాటే పోయింది.

నేను ఢిల్లీ నుంచి తిరిగొచ్చిన వారానికి మామ కొడుకు ఫోన్ చేశాడు. "వదినా, రేపు పొద్దున మా రైలు కాచిగూడలో ఆగుతుంది, పిల్లలు కూడా ఉన్నారు. దగ్గర్లో మంచి హోటల్ ఏదో చెప్పు, టిఫిన్ ఆర్డర్ పెట్టేస్తా." ఫోన్ పెట్టేసే ముందు, అత్త బాగుందా అని కూడా అడిగాడు పాపం. నారాయణగూడలో ఇప్పుడు మేముంటున్న ఇంటి వెనక వీధిలోని హోటల్ పేరే చెప్పాను. వండి తెస్తాననే మాట నా నోటి దాకా రాలేదు, రానివ్వను కూడా.

అమ్మ వంటగది గుమ్మంలోంచి అంతా వింది. "దిగుతడా?" అంది.

"దిగడమ్మా. హోటల్ల చెప్పుకుంటుండు."

పొద్దున లేచేసరికి పొయ్యి వెలగలేదు. అమ్మ తలస్నానం చేసి, పెట్టెలోని గద్వాల చీర కట్టుకొని, వీధి గుమ్మం దగ్గర కుర్చీలో కూచుని ఉంది. చేతిలో ఏమీ లేదు.

"ఊకె కిటికీల నుంచి పిల్లల మొఖాలు చూసొద్దమా?" అంది.

ఏసీ బోగీ అద్దాల్లోంచి లోపలి మనుషులు బయటికి కనబడరని చెప్పాను. నిజమా అన్నట్టు నా వైపు చూసి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.