కోడలు కాదు, కూతురనుకున్నాను

పక్క గదిలో టీవీలో మళ్లీ ఉరుములు మొదలయ్యాయి. వానేమీ లేదు, సీరియల్లో అత్తగారు కళ్లెర్రజేసింది, అంతే. ఆవిడ మీద ఒక ఉరుము, కోడలి ముఖం మీద ఒకటి, గుమ్మంలో నిలబడ్డ ఆడబిడ్డ మీద ఇంకొకటి. ఆ చప్పుడు చెవిన పడ్డప్పుడల్లా నాకు సుభద్ర టీచరుగారు గుర్తొస్తారు. ఆవిడే ఉంటే లేచి వెళ్లి గొంతు నొక్కేసేవారు. టీవీదే లెండి.

తొంభైల మొదట్లో ఉత్తరాదిన, జనక్‌పురిలో మేం మేడ మీద, ఆవిడ కింద వాటాలో ఉండేవాళ్లం. బళ్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సాయంత్రం సీరియల్ వేళకి చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్లం ఆవిడ ముందుగదిలో చాప మీద చేరేవాళ్లం. అప్పటికి మాకు ప్రభుత్వ ఛానెలే దిక్కు. ఆ సీరియల్లో కుటుంబం మాలాంటిదే: రెండు గదులు, ఒకటే కుళాయి, నెలాఖరు గొడవలు. నాకు హిందీ కూరగాయల బండి దగ్గర బేరమాడేంతే వచ్చు. మాటలు అందకపోతే ముఖాలు చూసి కథ అల్లుకునేదాన్ని.

ఒకరోజు టీచరుగారు అడిగారు, "ఏమ్మా రత్నం, ఈ ఇంట్లో నీకెవరు నచ్చారు?"

"ఆ నీలంచీర పిల్లండీ. తండ్రితో ఎంత ధైర్యంగా మాట్లాడుతోందో! పెళ్లయినా పుట్టింట్లోనే ఉంది కాబోలు."

అందరూ గొల్లున నవ్వారు. "కూతురు కాదక్కా, కోడలు! ఆయన మామగారు," అంది ఎదురింటి లలిత కళ్లు తుడుచుకుంటూ. టీచరుగారు మాత్రం నవ్వలేదు.

"కూతురని ఎందుకనుకున్నావు?"

"కోడలు అలా కూర్చుని మాట్లాడుతుందా అండీ?"

"మాట్లాడితే ఏమైంది? ఇల్లు కూలిందా? చూడు, ఆయన టీ తాగుతూనే ఉన్నాడు."

నిజమే. తాగుతూనే ఉన్నాడు.

నాకప్పటికి నలభై దగ్గర పడుతున్నాయి. అక్షరం ముక్క రాదు. నేర్పుతానని టీచరుగారు ఎప్పటినుంచో అంటున్నారు. "ఈ వయసులో బడేమిటి" అని మా అత్తగారు కొట్టిపారేసేవారు. ఏ బస్సు ఎటు పోతుందో పక్కవాళ్లని అడిగి ఎక్కాల్సిన ఊళ్లో, ఆ కోరిక నాకు చిన్నది కాదు. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఆవిడన్నారు, "రోజూ అడుగుతున్నావు, అందుకే వద్దంటున్నారు. ఈసారి అడగకు, చెప్పు. నిలబడి కాదు, కూర్చుని చెప్పు."

మర్నాడు భోజనాలయ్యాక అత్తగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అత్తయ్యా, రేపట్నుంచి సాయంత్రం గంటసేపు టీచరుగారి దగ్గర చదువుకుంటాను. వంట చేసే వెళ్తాను."

"చారు చల్లారితే ఎవరు వేడి చేస్తారు?"

"మీ అబ్బాయి."

మా ఆయన పేపరు దించారు. అత్తగారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. చివరికి ఆయనే, "ఠీక్ హై. అగ్గిపెట్టె ఎక్కడుంటుంది?" అన్నారు.

ముందు హిందీ అక్షరాలు నేర్చుకున్నాను, బస్సుల కోసం. తెలుగు ఆ తర్వాత, నా కోసం.

కొన్నాళ్లకి కేబుల్ వచ్చింది. టీవీలో కుటుంబం బంగళాలోకి మారింది. పొద్దున్నే పట్టుచీరలు, మెట్ల మీద కుట్రలు. కోడలు మళ్లీ తలవంచుకుని నిలబడింది. మేమూ ఎవరింట్లో వాళ్లం టీవీ కొనుక్కుని చాప చుట్టేశాం. టీచరుగారు అలాంటిదొకటి పావుగంట చూసి, "ఇంతమందిలో ఒక్కరూ కందిపప్పు కొనరేమే!" అని కట్టేశారు. కాలం ముందుకి పోతే టీవీలో ఇల్లు వెనక్కి పోయింది. మొహమాటం లేకుండా అంటున్నాను, రెండూ చూసినదాన్ని.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఇంట్లో ఏదైనా తేల్చాల్సి వస్తే నేను ముందు కుర్చీ లాక్కుంటాను. పక్కన మా కోడలికీ ఒకటి వేస్తాను.